రాతి గోడల ఇంట్లో వైఫై సతాయిస్తే: లైన్ తప్పా, గాలి తప్పా ముందు తేల్చుకో

తమ్మీ, నువ్వు రాసింది రెండుసార్లు చదివిన. కల్వకుర్తి పక్క ఊర్లో మీ ఇల్లు. ముందు భాగం తాత కట్టిన రాతి గోడల ఇల్లు, వెనక నాలుగేండ్ల కింద వేసుకున్న స్లాబు అర్రలు రెండు. ముందర అర్రలో టీవీ కింద అల్మారలో ఫైబర్ డబ్బా. ప్లాన్ 100 ఎంబీపీఎస్. అక్క వెనక అర్రలో కూర్చొని హైదరాబాద్ ఆఫీసు పని చేసుకుంటది. పొద్దున మంచిగనే ఉంటది, సాయంత్రం ఏడు దాటితే మీటింగులో మాట తెగిపోతది, బొమ్మ ఆగిపోతది. డబ్బా ఆపి మళ్లీ వేస్తే ఒక అర్ధగంట బాగుంటది. ఇంట్లో పాత రౌటర్ ఉంటే కిటికీలో నుంచి వైరు లాగి వెనక అర్రలో పెట్టినవ్. అప్పటి నుంచి ఇంకా ఖరాబైంది, ఫోన్లో "కనెక్ట్ అయింది, ఇంటర్నెట్ లేదు" అని వస్తున్నది. కంపెనీ వాళ్లకు ఫోన్ చేస్తే "మా దిక్కు నుంచి అంతా ఓకే" అంటున్నరు. "అన్నా, నాలుగు వేలు పెట్టి కొత్త రౌటర్ కొనాల్నా?" అని అడిగినవ్.

కొనకు. కనీసం ఇప్పుడే కొనకు. పద్నాలుగేండ్ల నుంచి నల్గొండ, దేవరకొండ, అచ్చంపేట వైపు ఇండ్లకు, దుకాణాలకు నెట్‌వర్క్ పని చేస్తున్న. నెట్టు సతాయిస్తే జనం మొట్టమొదట పెట్టే ఖర్చు కొత్త రౌటరే. ఆ ఖర్చుతో బాగుపడ్డ ఇండ్లు నేను చూసినవాటిలో చానా తక్కువ. మీ ఇంట్లో తప్పు ఒక్కటి కాదు, రెండు మూడు తప్పులు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నయి. అందుకే ఏది దేనివల్ల అవుతున్నదో నీకు అంతు పడుతలేదు.

"వైఫై వస్తలేదు" అని మనం అన్నిటికీ ఒకే మాట వాడుతం. కానీ అందులో రెండు దారులున్నయి. బయట స్తంభం నుంచి డబ్బా దాకా వచ్చే లైన్ ఒకటి. డబ్బా నుంచి అక్క ల్యాప్‌టాప్ దాకా గాలిలో పోయే వైఫై ఇంకొకటి. బోరు నుంచి ట్యాంకుకు నీళ్లెక్కుడు వేరు, ట్యాంకు నుంచి నల్లాకు వచ్చుడు వేరు. నల్లా ధార సన్నగైతే మోటరు మెకానిక్‌కు ఫోన్ కొట్టే ముందు మేడెక్కి ట్యాంకు మూత తీసి చూస్తం కదా. ఇక్కడ మూత తీసి చూసుడంటే, డబ్బాకు ల్యాప్‌టాప్‌ను వైరుతో నేరుగా కలిపి చూసుడు. ఈ ఒక్క పని చెయ్యకుండా మిగతావన్నీ చేసినవ్ నువ్వు.

దానికంటే ముందు ఆ పాత రౌటర్‌ను పీకి పక్కన పెట్టు. తర్వాత మళ్లీ వాడుకుందాం, దానితో పని ఉంది. కానీ ఇప్పుడు అది చేస్తున్న గొడవ ఇది. చాలా రౌటర్లకు కంపెనీలోనే 192.168.1.1 అనే చిరునామా పెట్టి పంపుతరు. మీ ఫైబర్ డబ్బాది కూడా బహుశా అదే. ఒకే వాడలో రెండిండ్లకు ఒకే ఇంటి నంబరు వేసినట్టయింది. అది చాలదన్నట్టు, ఇంటికొచ్చే ప్రతి ఫోనుకూ ఒక నంబరు ఇచ్చే పని, అంటే డీహెచ్‌సీపీ, ఇప్పుడు రెండు డబ్బాలూ చేస్తున్నయి. ఐకేపీ సెంటర్లో వడ్ల కాంటా కాడ ఇద్దరు మనుషులు చెరొక పుస్తకం పట్టుకొని 1 నుంచి టోకెన్లు రాసిస్తే ఏమైతది? ఒకే నంబరు ఇద్దరు రైతుల చేతిలో ఉంటది, వరుసంతా ఆగమైతది. నీ ఫోను పాత రౌటర్ దగ్గర టోకెన్ తీసుకుంటే, బయటికి దారి ఏదంటే అది తన చిరునామానే చెప్తది. దాని వెనక ఇంటర్నెట్ లేదు. "కనెక్ట్ అయింది, ఇంటర్నెట్ లేదు" అనే మాటకు అర్థం అదే. నీ ఫోను అబద్ధం చెప్తలేదు.

పాత రౌటర్ పీకినంక డబ్బాను, ఫోన్లను ఒకసారి ఆపి వెయ్యి. ఈ "ఇంటర్నెట్ లేదు" గొడవ ఇక్కడితో పోవాలె. సాయంత్రం గొడవ మాత్రం మిగులుతది. దాని సంగతి కొంచెం నిదానంగా చూడాలె.

అక్క మీటింగుకు 100 ఎంబీపీఎస్ అవసరం లేదు. వీడియోతో సహా 3, 4 ఎంబీపీఎస్ చాలు. కాబట్టి స్పీడ్ టెస్టులో 60 వచ్చిందా 90 వచ్చిందా అని కొట్లాడి లాభం లేదు. మాట తెగుతున్నదంటే, పంపిన డేటా ఆలస్యంగా చేరుతున్నది, లేకుంటే మధ్యలో పడిపోతున్నది. దాన్ని పట్టేది పింగు, అంటే ఒక పిలుపు పంపి జవాబు ఎంతసేపట్లో వచ్చిందో చూసుడు. రాత్రి ఎనిమిదింటికి, అక్క మీటింగులో ఉన్నప్పుడే, ఆమె ల్యాప్‌టాప్‌లోనే చెయ్యాలె. విండోస్ బటన్ నొక్కి సీఎండీ అని కొడితే నల్ల తెర వస్తది. పక్కపక్కన రెండు తెరలు తెరువు. మొదటిదాంట్లో పింగ్ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి 192.168.1.1 కొట్టి, ఇంకో ఖాళీ వదిలి మైనస్ గీత, దానికి ఆనించి టీ అక్షరం పెట్టు. ఆ టీ పెడితే నువ్వు ఆపేదాకా నడుస్తనే ఉంటది. రెండోదాంట్లో అదే మాట, కానీ చిరునామా 8.8.8.8. మొదటి తెర మీ ఇంట్లో డబ్బాను పిలుస్తది, రెండోది బయట ఇంటర్నెట్‌ను పిలుస్తది. సెకనుకొక వరుస వస్తది, ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో చివర చూపిస్తది.

ఇక చూస్తూ కూర్చో. వైఫై బాగుంటే మొదటి తెరలో 2, 3, 5 అట్ల చిన్న అంకెలు నడుస్తయి. రెండో తెరలో ఫైబర్ మీద సాధారణంగా 10 నుంచి 30 మధ్య. అక్క మాట తెగిన క్షణంలో ఏ తెర ఆగిందో చూడు. మొదటి తెరలోనే 300, 500, "రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్" అని వస్తే తప్పు ఇంట్లోనే ఉంది, గాలిలో ఉంది. కంపెనీని తిట్టి లాభం లేదు. మొదటి తెర 3, 4 మీదనే ఉండి రెండోది ఒక్కటే 200కు ఎగిరితే ఇంట్లో వైఫై మంచిగనే ఉంది, తప్పు లైన్ దిక్కు ఉంది.

ఇక్కడొక మెలిక ఉంది, చానామంది మోసపోయేది ఇక్కడే. రెండో తెర ఒక్కటే ఎగిరితే వెంటనే కంపెనీ తప్పు అనుకోవద్దు. సాయంత్రం అందరూ ఇల్లు చేరుతరు. పొద్దంతా పొలం కాడ, బస్సులో తీసిన ఫొటోలు, వీడియోలు వైఫై దొరకంగనే ఫోను తనంతట తనే పైకి ఎక్కిస్తది. నలుగురి ఫోన్లు ఒక్కసారి ఎక్కిస్తే అప్‌లోడ్ దారి నిండిపోతది, అక్క మాట ఆ వరుసలో వెనక నిలబడతది. కాబట్టి రెండో తెర ఎగిరినప్పుడు ఇంట్లో మిగతా ఫోన్లన్నిటి వైఫై ఐదు నిమిషాలు ఆపించు. అంకెలు దిగితే మందు దొరికినట్టే: ఫోన్లలో ఫొటోల బ్యాకప్‌ను రాత్రి పదకొండు తర్వాతకు పెట్టండి. దిగకపోతే అప్పుడు లైన్ వైపు చూడాలె.

లైన్ వైపు చూసుడంటే, అక్క ల్యాప్‌టాప్ వైఫై ఆపి, డబ్బాకు వైరుతో కలిపి, అదే ఎనిమిదింటికి అదే రెండు తెరలు. ఇప్పుడు మొదటి తెరలో 1 కంటే తక్కువ రావాలె. రెండోది ఇంకా ఎగురుతుంటే ఇంట్లో రౌటర్ ఎన్ని వేలది పెట్టినా మారదు.

"సాయంత్రమే ఎందుకు?" అని అడిగితే "అందరూ వాడుతరు కదా" అని జవాబు చెప్తరు. అది నిజమే గానీ ప్రతిసారీ నిజం కాదు. మూడేండ్ల కింద దేవరకొండలో ఒక టీచరమ్మ ఇంటికి పోయిన. ఆమెదీ ఇదే బాధ. రోజూ ఆరున్నర దాటంగనే నెట్టు తెగుడు, పొద్దున మళ్లీ మంచిగనే. అప్పటికే రెండు రౌటర్లు మార్చిర్రు. నేను కూడా మొదటిరోజు ఛానల్, అంటే వైఫై గాలిలో నడిచే దారి, మార్చి, డబ్బా జరిపి, బాగైందనుకొని వచ్చిన. బాగు కాలేదు. రెండోసారి సాయంత్రమే పోయి కూర్చున్న. ఆరున్నరకు ఆమె లేచి దోమలొస్తయని కిటికీ రెక్క మూసింది. డబ్బా మీద ఎర్ర లైటు టపటప కొట్టింది. పోయి చూస్తే ఫైబర్ వైరు ఆ కిటికీ చట్రం మీది నుంచే లోపలికి వస్తున్నది. రెక్క మూసినప్పుడల్లా వైరు నలిగి గోరంత మేర మడత పడుతున్నది. డబ్బా లోపలి పేజీలో వెలుతురు అంకె చూసిన: రెక్క తెరిస్తే మైనస్ 21, మూస్తే మైనస్ 29. ఫైబర్‌లో పోయేది కరెంటు కాదు, వెలుతురు. మరీ మలిస్తే వెలుతురు ఆ మలుపు దగ్గర బయటికి కారిపోతది. తీగ తెగలేదు, పైకి గీత కూడా లేదు. వైరును ఇంకో దిక్కు నుంచి తిప్పి పెట్టిన, అంతే.

నీ డబ్బాలో కూడా ఆ అంకె చూడు. బ్రౌజర్‌లో 192.168.1.1 కొట్టి, డబ్బా అడుగున స్టిక్కర్ మీదున్న పేరు, పాస్‌వర్డ్ ఇచ్చి లోపలికి పోతే, స్టేటస్ అనే చోట పాన్ గానీ ఆప్టికల్ గానీ అని ఉంటది. అందులో ఆర్ఎక్స్ పవర్, అంటే డబ్బాకు చేరుతున్న వెలుతురు బలం, చూడు. మైనస్ 15 నుంచి మైనస్ 25 మధ్య ఉంటే నిశ్చింత. మైనస్ 27 దాటిందంటే వెలుతురు చాలక తెగుతూ అతుకుతూ ఉంటది. మైనస్ కాబట్టి అంకె పెరిగిన కొద్దీ వెలుతురు తగ్గినట్టు. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి, వాన పడ్డ తెల్లారి ఒకసారి రాసిపెట్టుకో. మన ఊర్లలో ఇంటిదాకా వచ్చే ఆఖరి వైరు స్తంభాల మీది నుంచే కదా. కోతులు పట్టుకొని ఊగుతయి, ఉడుతలు కొరుకుతయి, పత్తి లోడు లారీ పోతే తగులుతది. ఎర్ర లైటు, అంటే ఎల్ఓఎస్ అని రాసి ఉండేది, వెలిగిందంటే డబ్బాకు వెలుతురు అందుతలేదని; ఇంట్లో నువ్వు చేసేదేం లేదు, వాళ్లు రావాల్సిందే. ఆ ఆకుపచ్చ మూతి కనెక్టర్‌ను మాత్రం పీకి చూడొద్దు. కొసను వేలితో ముట్టుకుంటే చెమట జిడ్డు అంటుకొని అదొక కొత్త తప్పు. లోపల పోయే వెలుతురు కంటికి కనిపించదు, అయినా కంటికి చేటే. దాని మూతి 8 డిగ్రీల వాలుగా కోసి ఉంటది, నీలం రంగుది నేరుగా ఉంటది. ఒకదాంట్లో ఒకటి పెడితే మూతులు సరిగ్గా ఆనక వెలుతురు చానా పోతది. ఎప్పుడన్నా మరమ్మతుకు వచ్చినాయన దగ్గర ఆకుపచ్చది లేదని నీలంది పెట్టబోతే వద్దని చెప్పు.

ఇంకో మాట రాసినవ్: ఆపి వేస్తే అర్ధగంట మంచిగ ఉంటదని. నాకు ఇది అన్నిటికంటే పనికొచ్చే గుర్తు. ఆపి వేసినప్పుడు డబ్బా చల్లబడతది, లైన్ కొత్తగా కలుస్తది, ఛానల్ ఆటోలో ఉంటే ఖాళీగా ఉన్నది వెతుక్కుంటది. ఈ మూడింట్లో ఏది నీకు మేలు చేస్తున్నదో కనుక్కోవాలె. వేడి సంగతి ముందు చూడు, సులువు కాబట్టి. ఇంట్లో వాడే రౌటర్లు చాలావాటికి రాసి ఉండేది 40 డిగ్రీల దాకానే. మన దగ్గర ఎండాకాలం బయటనే 44, 45. మీ డబ్బా టీవీ కింద అద్దం తలుపుల అల్మారలో, సెట్‌టాప్ బాక్స్ మీద ఎక్కించి ఉందని ఫొటోలో కనిపిస్తున్నది. కింద అది వేడి, పైన ఇది వేడి, తలుపు మూసి. ఏడు గంటలకు టీవీ పెడతరు, గొడవ మొదలైతది. దాన్ని బయటికి తీసి, గోడకు మేకు కొట్టి తగిలించి, రెండు రోజులు చూడు. రేకుల కింద మాత్రం పెట్టొద్దు. మధ్యాహ్నం రేకుల అర్రలో ఎంత ఉడుకు ఉంటదో నీకు చెప్పేదేముంది.

ఇక గోడలు. రౌటర్ డబ్బా మీద రాసే దూరం మన గోడలను లెక్క పెట్టుకొని రాసింది కాదు. మన పాలమూరు, నల్గొండ పాత ఇండ్లు రాతివి, మూరెడు, రెండడుగుల మందం, మధ్యలో మట్టి, సున్నం. ఎండాకాలం చల్లగా ఉంచే ఆ గోడే వైఫైని మింగుతది. ఫోన్లో వైఫై ఎనలైజర్ యాప్ వేసుకుంటే సిగ్నల్ బలం డీబీఎం అనే కొలతలో చూపిస్తది. ఇది కూడా మైనస్ అంకె. మైనస్ 50 అంటే పక్కనే ఉన్నట్టు. 65, 67 దాకా మీటింగ్ నడుస్తది. 75 దాటితే సతాయింపు, 80 దాటితే పేరు కనిపిస్తది గానీ పని జరగదు. అంకె ప్రతి 3 పెరిగితే బలం సగమైనట్టు. అచ్చంపేటలో ఇట్లాంటి ఇంట్లోనే కొలిచిన: డబ్బా ఉన్న అర్రలో 5 గిగాహెర్ట్జ్ మైనస్ 45, ఒక రాతి గోడ దాటితే 68, రెండో గోడ దాటితే 84. అక్క కూర్చునే చోట ఎంతుందో చూడు. దారిలో ఇనుప బీరువా, ఫ్రిజ్, నీళ్ల డ్రమ్ము ఉంటే అవి కూడా గోడలే అనుకో. ఇనుము వెనక్కి తన్నుతది, నీళ్లు తాగేస్తయి.

2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు పేర్లు ఉంటయి. 2.4 గోడ దాటడంలో మెరుగు, కానీ ఇరుకు. పక్కింటి వైఫై, బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్ అన్నీ అక్కడే. 5 వెడల్పైన రోడ్డు, కానీ గోడ దగ్గర చతికిలబడతది. డబ్బాలో రెండింటికీ ఒకే పేరు పెట్టి ఉంటే విడదీసి, చివర ఒకదానికి 5 అని తగిలించు. ఏది వాడుతున్నవో నీకు తెలుస్తది. ముందర అర్రలో టీవీ 5 మీద పెట్టు.

2.4లో 1 నుంచి 13 దాకా ఛానళ్లు కనిపిస్తయి గానీ అవి పదమూడు దారులు కావు. ఒక్కో ఛానల్ మధ్య దూరం 5 మెగాహెర్ట్జ్, ఒక్క సిగ్నల్ పట్టే వెడల్పు 20. అంటే నాగటి చాలు పక్కన ఖాళీ వదలకుండా ఇంకో చాలు దున్నినట్టు, ఒకదాని మీద ఒకటి పడతది. ఒకదాన్నొకటి తాకకుండా మామూలుగా వాడేవి 1, 6, 11. యాప్‌లో చూసి ఆ మూడింట్లో ఖాళీగా ఉన్నది రాత్రి ఎనిమిదింటికి ఎంచుకో. పొద్దున చూస్తే అన్నీ ఖాళీగనే కనిపిస్తయి. 6 మీద జనం ఉన్నరని 4కు పోకు. అటు 1ని, ఇటు 6ని రెండింటినీ తాకుతవ్. వెడల్పు 20కి పెట్టు, 40 వద్దు. 5లో 36 నుంచి 48, లేకుంటే 149 నుంచి 161 పెట్టుకుంటే గొడవ లేదు. మధ్యలో 52 నుంచి ఉన్నవి రాడార్లతో పంచుకునేవి. రాడార్ అనుమానం వస్తే రౌటర్ తనంతట తనే ఛానల్ వదిలేసి పోవాలె, ఆ క్షణంలో నీకు తెగుతది.

ఇంత చేసినా వెనక అర్రలో 75 దాటితే రెండు రాతి గోడలను ఏ ఛానలూ దాటించలేదు. అప్పుడు నీ పాత రౌటరే మందు, సరిగ్గా పెడితే. బజారులో దొరికే ప్లగ్గుకు పెట్టే రిపీటర్ కొనొద్దు. గోడ అవతల బలహీనంగా వచ్చినదాన్నే పట్టుకొని మళ్లీ చెప్తది, మామూలువైతే వినుడు, చెప్పుడు ఒకే దారిలో చేసి స్పీడును సగం చేస్తయి. నువ్వు ఇప్పటికే వైరు లాగినవ్, అది అన్నిటికంటే మంచి పని.

పాత రౌటర్‌ను ఫైబర్ డబ్బాకు కలపకుండానే ల్యాప్‌టాప్‌కు వైరుతో కలుపు. వెనక సన్నటి రంధ్రంలో పిన్నుతో పది సెకన్లు నొక్కి పాత సెట్టింగులన్నీ తుడిచెయ్యి. లోపలికి పోయి, యాక్సెస్ పాయింట్ మోడ్ అని ఉంటే అది పెట్టు, చిరునామా, డీహెచ్‌సీపీ పని అంతటితో అయిపోయింది. లేకపోతే ల్యాన్, అంటే ఇంటి లోపలి నెట్‌వర్క్, అనే చోట దాని చిరునామాను 192.168.1.2కు మార్చి సేవ్ చెయ్యి. అది ఆగి మళ్లీ మొదలైనంక కొత్త చిరునామాతో లోపలికి పోయి, డీహెచ్‌సీపీ సర్వర్‌ను ఆపెయ్యి. ఈ వరుస మార్చకు. ముందు డీహెచ్‌సీపీ ఆపితే ల్యాప్‌టాప్‌కు నంబరు దొరకక మధ్యలో చిక్కుకుంటవ్. ఆ తర్వాత వైఫై పేరు, పాస్‌వర్డ్ పెట్టు. ముందర డబ్బా 1 మీద ఉంటే దీన్ని 11 మీద పెట్టు. ఇటు ఫైబర్ డబ్బాలోకి పోయి టోకెన్ల వరుసను, అంటే డీహెచ్‌సీపీ ఇచ్చే నంబర్లను, 192.168.1.10 నుంచి మొదలుపెట్టు, లేకుంటే ఏదో రోజు అది 2వ నంబరును ఒక ఫోనుకు ఇచ్చేస్తది, మళ్లీ మొదటి గొడవే. చివరగా వైరు కలుపు. డబ్బా ల్యాన్ పోర్టు నుంచి పాత రౌటర్ ల్యాన్ పోర్టుకే. వేరే రంగులో ఒక్కటే ఉండే వ్యాన్ పోర్టు ఖాళీగా ఉండాలె.

నువ్వు ఆ వైరును కూడా ఒకసారి అనుమానించు. అందులో ఎనిమిది తీగలు, నాలుగు జతలు. నారింజ, ఆకుపచ్చ జతలు 100 ఎంబీపీఎస్‌కు చాలు, గిగాబిట్‌కు నీలం, గోధుమ కూడా కావాలె. నీలంలో ఒక్క తీగ తెగినా పైకి అంతా నడుస్తనే ఉంటది గానీ స్పీడు 94, 95 దగ్గర మేకు కొట్టినట్టు ఆగుతది. మీది 100 ప్లాన్ కాబట్టి తేడా తెలియదు. రేపు 200 ప్లాన్ తీసుకుంటే గుర్తుపెట్టుకో.

కరెంటు సంగతి. రెండు డబ్బాల అడాప్టర్ల మీద రాసింది చదువు. డబ్బా అడిగేది 12 వోల్టులు 1.5 ఆంపియర్ అయితే 1 ఆంపియర్‌ది పెట్టొద్దు. మామూలుగా నడిచి, పని ఎక్కువైనప్పుడు తనంతట తనే ఆగి మొదలైతది. ఆంపియర్ ఎక్కువుంటే పరవాలేదు, వోల్టులు మాత్రం అంతే ఉండాలె. కరెంటు పోయినప్పుడు అక్క పని ఆగొద్దంటే రౌటర్లకు వాడే చిన్న 12 వోల్టుల యూపీఎస్ పెట్టు. ఫైబర్ లైన్‌ను మధ్యలో చీల్చి ఇండ్లకు పంచే స్ప్లిటర్‌కు కరెంటు అవసరం లేదు. అవతల కంపెనీ గదిలో కరెంటు ఉండి, ఇక్కడ నీ డబ్బా వెలిగితే చాలు, ఊరంతా చీకటైనా మీటింగ్ నడుస్తది. ఉరుములు మొదలైతే మాత్రం అడాప్టర్ పీకి, రెండు డబ్బాల మధ్య రాగి వైరును కూడా తీసెయ్యి. ఒక్క పిడుగుకు రెండూ పోయిన ఇండ్లు ప్రతి మృగశిర కార్తెలో చూస్త.

అడ్మిన్ పాస్‌వర్డ్ స్టిక్కర్ మీదిదే ఉంటే మార్చు, పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తో కలిపే డబ్ల్యూపీఎస్‌ను ఆపెయ్యి. అది ఐదు నిమిషాల పని.

ఇంత చూసినంక కూడా వైరు మీదనే రెండో తెర ఎగురుతుంటే, అప్పుడు కంపెనీకి ఫోన్ చెయ్యి. కానీ "నెట్టు స్లో ఉంది" అని చెప్పకు. ఆ మాటకు వాళ్ల దగ్గర "ఇక్కడ ఓకే" అనే జవాబు తయారుగా ఉంటది. "మూడు రోజులుగా రాత్రి ఎనిమిది నుంచి పది దాకా, వైరుతో కలిపి చూస్తే, మా డబ్బా పింగు 1, బయటి పింగు 180, వందకు ఆరు పడిపోతున్నయి, ఆర్ఎక్స్ పవర్ మైనస్ 22" అని చెప్పు. తెరల ఫొటోలు పంపు. లైన్ పనికి వచ్చే పిల్లలు కూడా మన ఊర్ల పిల్లలే, ఎండలో స్తంభాలెక్కి పని చేసేటోళ్లు. తప్పు ఎక్కడుందో అంకెలతో చూపిస్తే వాళ్లకు కూడా పైవాళ్లతో మాట్లాడే ఆధారం దొరుకుతది.

నాకు నాలుగు అంకెలు రాసి పంపు: రాత్రి ఎనిమిదింటికి రెండు తెరల అంకెలు, ఆర్ఎక్స్ పవర్, అక్క కూర్చునే చోట 5 గిగాహెర్ట్జ్ ఎంత ఉందో. ఆలోపల ఆ కిటికీలో నుంచి వచ్చే వైరును తీసెయ్యి, అది కూడా ఏదో రోజు రెక్క కింద నలుగుతది. గోడకు రంధ్రం పెట్టించాలె. రాయి మీద డ్రిల్లు పెట్టొద్దు, బిట్టు విరుగుతది. రెండు రాళ్ల మధ్య మట్టి ఉన్న సందు చూసి, బయటి దిక్కు కొంచెం కిందికి వాలేటట్టు తొలిపించు. రంధ్రం బయట వైరును జానెడు కిందికి వేలాడేటట్టు ఒక చుట్టు వదిలి, అక్కడి నుంచి పైకి తిప్పి లోపలికి పంపు. వాన నీళ్లు ఆ చుట్టు అడుగు నుంచే నేల మీదికి కారిపోతయి, వైరు వెంబడి పోర్టులోకి రావు.